చాకీ పురుగు లెక్క

చిలమత్తూరు నుంచి లేపాక్షి మీదుగా హిందూపురం పోయే దారిలో అక్కడక్కడా మల్బరీ తోటలు తగులుతాయి. తోట పక్కనే పొడుగాటి షెడ్డు, కిటికీలకు వల, గుమ్మం దగ్గర చల్లిన సున్నం. లోపల పట్టుపురుగులు ఉన్నాయని చెప్పడానికి ఆ సున్నం చాలు. అలాంటి ఒక షెడ్డు ముందు నిలబడి రైతును అడిగాను: "అన్నా, గుడ్లు తెచ్చుకుని నువ్వే మేపుకోవచ్చు కదా. రెండో జ్వరం దాటిన పురుగులను డబ్బులిచ్చి ఎందుకు కొంటావు?"

ఆయన నెత్తిన మల్బరీ కొమ్మల మోపు ఉంది. దించకుండానే చెప్పాడు: "చేతగాక కాదు సామీ. మా నాయన కాలంలో గుడ్ల కాడి నుంచే మేపేవాళ్లం. ఇప్పుడు ఆ వారం దినాలు నాకు ఎక్కువ పడతాది."

ఆ చివరి మాట నన్ను ఆపేసింది. వారం రోజులకు ఎవరూ ఆయన దగ్గర డబ్బు తీసుకోవడం లేదు. షెడ్డు ఆయనది, తోట ఆయనది, చెయ్యి ఆయనది. అయినా "ఎక్కువ పడతాది" అన్నాడు. ఇంటర్మీడియట్ ఆర్థికశాస్త్రం పుస్తకంలో "అవకాశ వ్యయం" అని ఒక మాట ఉంటుంది. పరీక్షకు చదివి మరిచిపోయే మాట. దాన్ని ఇంత శుభ్రంగా చెప్పినవాళ్లను నేను అంతకుముందు వినలేదు.

ఆయన లెక్క అర్థం కావాలంటే ముందు పురుగు సంగతి తెలియాలి. గుడ్డులోంచి బయటపడ్డప్పుడు పట్టుపురుగు చీమంత ఉంటుంది, నల్లగా, నూగుతో. అక్కడి నుంచి పాతిక రోజుల్లో దాని బరువు దాదాపు పదివేల రెట్లు పెరుగుతుంది. ఈలోగా నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. విడిచే ముందు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. చూసినవాళ్లకు ఒంట్లో బాగాలేనట్టే కనిపిస్తుంది కాబట్టి రైతులు దాన్ని జ్వరం అంటారు. మొదటి జ్వరం, రెండో జ్వరం, అలా నాలుగు. రెండో జ్వరం తీరేదాకా ఉన్న పసిదశే చాకీ.

చాకీ పురుగుకు లేత ఆకు కావాలి, అదీ సన్నగా తరిగి వేయాలి. గదిలో 27, 28 డిగ్రీల వెచ్చదనం, నూటికి 85 నుంచి 90 పాళ్ల తేమ ఉండాలి. పెద్ద పురుగు సంగతి పూర్తిగా వేరు. దానికి 24, 25 డిగ్రీల చల్లదనం, 70 పాళ్ల తేమ, ధారాళంగా గాలి. పసిపురుగుకు హాయినిచ్చే ఉక్క పెద్ద పురుగుకు రోగం తెస్తుంది. పెద్ద పురుగుల షెడ్డులోని రోగం పసిపురుగుకు సోకితే గుడ్ల ఖర్చంతా మట్టిలో కలుస్తుంది. కాబట్టి రెండింటినీ ఒక్క కప్పు కింద మేపడం కుదరదు. చాకీ కోసం వేరే గది, వేరే ఆకుతోట, దానికో మనిషి కావాలి. ఇన్ని చేసినా ఆ వారం ఎనిమిది రోజుల్లో పురుగులు తినే ఆకు బహు కొద్ది. మొత్తం మేతలో నూటికి ఎనభై పాళ్లకు పైగా చివరి దశలోనే తింటాయి. నాలుగో జ్వరం తీరాక షెడ్డులోకి అడుగుపెడితే ఆకుల మీద వాన పడుతున్న చప్పుడు వస్తుంది. అది వాన కాదు, నమలడం.

అంటే పసిదశలో రైతు శ్రద్ధ ఎక్కువ ఖర్చవుతుంది, షెడ్డూ తోటా ఖాళీగా ఎదురుచూస్తాయి. ఏడాదికి అయిదు పంటలు తీసే రైతుకు పంటకు ఎనిమిది రోజుల చొప్పున నలభై రోజులు. తోటలో ఆకు ఉంటే ఇంకో పంట తీయడానికి ఆ రోజులు చాలు. పసిపురుగులను మేపి అమ్మే చాకీ కేంద్రానికి ఇచ్చే డబ్బు ఒకవైపు, చేజారిన ఆ పంట ఒకవైపు పెట్టి తూచుకున్నాడాయన. ఒక పని అసలు ఖర్చు దానికోసం మనం వదులుకున్న పనిలో ఉంటుందనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. చాకీ కేంద్రం నడిపే ఆయన వైపు నుంచి చూసినా ఇదే తీరు. ఆయన పురుగులను గూడు కట్టేదాకా మేపగలడు. కానీ అలా మేపుతూ కూర్చుంటే పది ఊళ్ల రైతులకు అందాల్సిన పసిపురుగులు ఆగిపోతాయి.

ఇంతవరకు ఎవరైనా ఒప్పుకుంటారు. అసలు చిక్కుముడి తరవాతది. ఇద్దరిలో ఒకరు అన్ని పనుల్లోనూ రెండోవారికన్నా మెరుగైతే? అప్పుడు ఆ మెరుగైన మనిషికి రెండోవారితో పనేమిటి? మనలో చాలామంది "ఏమీ ఉండదు" అనుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

వేసవిలో మా పల్లెల అరుగుల మీద రెండు పనులు కనిపిస్తాయి. ఒకటి చింతపండు కొట్టడం: పెంకు ఊడదీసి, ఈనెలు లాగి, గింజలు తీయడం. హిందూపురం చింతపండు మార్కెట్టుకు పేరున్న ప్రాంతం కదా, కరిపులి రకం, ఫ్లవర్ రకం అని వేరువేరుగా ధర పలుకుతాయి. రెండోది విత్తనానికి శెనక్కాయలు ఒలవడం. గింజ పగలకూడదు, పైపొట్టు చెదరకూడదు, చేత్తోనే ఒలవాలి. వేరు కాపురాలు పెట్టిన ఇద్దరు తోడికోడళ్లను ఊహించుకుందాం. లెక్క తేలిగ్గా ఉండాలని అంకెలు నేను పెడుతున్నాను. పెద్దకోడలు చేయి చురుకు. గంటకు నాలుగు కిలోల చింతపండు కొడుతుంది, లేదా రెండు కిలోల విత్తనాలు ఒలుస్తుంది. చిన్నకోడలు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది. గంటకు ఒక కిలో చింతపండు, లేదా ఒక కిలో విత్తనాలు. రెండు పనుల్లోనూ పెద్దామెదే పైచేయి.

రోజుకు ఎనిమిది గంటల పని. ఎవరిది వాళ్లు చేసుకుని, రోజును రెండు పనులకూ సమంగా పంచితే పెద్దామెకు 16 కిలోల చింతపండు, 8 కిలోల విత్తనాలు. చిన్నామెకు 4 కిలోలు, 4 కిలోలు. రెండిళ్లూ కలిపి చింతపండు 20, విత్తనాలు 12.

ఇప్పుడు ఆ రైతు మాటనే ప్రశ్నగా వేద్దాం: ఎవరికి ఏది ఎక్కువ పడుతుంది? పెద్దామె ఒక కిలో విత్తనాలు ఒలవాలంటే అరగంట పోతుంది. ఆ అరగంటలో ఆమె రెండు కిలోల చింతపండు కొట్టి ఉండేది. చిన్నామె ఒక కిలో విత్తనాలకు వదులుకునేది ఒక కిలో చింతపండే. విత్తనాల పనిలో చిన్నామె నెమ్మది, అయినా ఆమె చేతిలో విత్తనం చవక. ఆమె వదులుకునేది తక్కువ కాబట్టి.

అందుకని చిన్నామె ఎనిమిది గంటలూ శెనక్కాయలే ఒలిచింది: 8 కిలోలు. పెద్దామె రెండు గంటలు ఒలిచి 4 కిలోలు తీసి, మిగిలిన ఆరు గంటలు చింతపండు కొట్టింది: 24 కిలోలు. విత్తనాలు మునుపటిలాగే 12. చింతపండు 20 కాదు, 24. ఎవరూ ఒక్క నిమిషం ఎక్కువ పనిచేయలేదు, ఎవరి చెయ్యీ వేగం పుంజుకోలేదు. నాలుగు కిలోల చింతపండు ఊరికే వచ్చింది.

"అక్కా, నాలుగు కిలోల విత్తనాలు నువ్వు తీసుకో, ఆరు కిలోల చింతపండు నాకియ్యి" అని చిన్నామె అంటే పెద్దామె దగ్గర 8 కిలోల విత్తనాలు, 18 కిలోల చింతపండు ఉంటాయి. చిన్నామె దగ్గర 4 కిలోల విత్తనాలు, 6 కిలోల చింతపండు. ఇద్దరికీ తలా రెండు కిలోలు మిగులు. కాగితం మీద ఒకసారి మీరే వేసి చూడండి. నేను మొదటిసారి వేసినప్పుడు ఎక్కడో తప్పుగా కూడానేమో అనుకుని మళ్లీ వేశాను.

ఈ లెక్కను దేశాల స్థాయిలో అచ్చులో పెట్టినవాడు డేవిడ్ రికార్డో. లండన్‌లో షేర్ల వ్యాపారం చేసి బాగా గడించిన మనిషి. 1817లో వేసిన పుస్తకంలో ఇంగ్లండు, పోర్చుగల్‌లను తీసుకున్నాడు. ఇంగ్లండులో ఏడాదికి కావాల్సిన బట్ట నేయడానికి 100 మంది, ద్రాక్షసారా తీయడానికి 120 మంది పడతారన్నాడు. పోర్చుగల్‌లో బట్టకు 90 మంది, సారాకు 80 మంది చాలు. రెండింటిలోనూ పోర్చుగల్‌దే మెరుగు. అయినా పోర్చుగల్ సారా మీద ఉండి బట్టను ఇంగ్లండు నుంచి కొనుక్కుంటే రెండు దేశాలకూ లాభమని చూపించాడు. మన పాఠ్యపుస్తకాలు దీన్ని తులనాత్మక వ్యయ సిద్ధాంతం అంటాయి. తరవాతి కాలంలో స్టానిస్లా ఉలామ్ అనే గణితవేత్త ఆర్థికవేత్త పాల్ శామ్యూల్సన్‌ను సవాలు చేశాడట: మీ సామాజిక శాస్త్రాలన్నింటిలో నిజమైనదీ, అదే సమయంలో "ఆ, తెలిసిందే కదా" అనిపించనిదీ ఒక్క మాట చెప్పమని. జవాబు తట్టడానికి శామ్యూల్సన్‌కు ఏళ్లు పట్టింది. ఆయన చెప్పిన జవాబు రికార్డో లెక్కే.

నాకు ఈ లెక్క మీద ఇంత మమకారం ఎందుకంటే, ఇది మా సీమ గురించి ఏళ్ల తరబడి వింటున్న ఒక మాటకు సమాధానం. వానలు లేవు, నేల పలచన, మీకేం పండుతుంది, కోస్తాతో మీకేం పోలిక అంటారు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుందన్నది నిజమే. కానీ అందరికన్నా బాగా చేయగలిగినది ఒక్కటైనా ఉండాలన్న షరతు ఈ లెక్కలో లేదు. చిన్నకోడలు ఏ పనిలోనూ ముందు లేదు. అయినా ఆమె ఒలిచిన విత్తనాలు లేకపోతే ఆ నాలుగు కిలోలు లేవు. ఒక ప్రాంతం అన్నింటా వెనకబడి ఉండొచ్చు. ఇచ్చిపుచ్చుకోవడానికి ఏమీ లేని ప్రాంతం మాత్రం ఉండదు. ఏది చేస్తే తక్కువ వదులుకుంటామో అది దొరికితే చాలు.

మరి మా దగ్గర వదులుకునేదాన్ని దేనితో కొలవాలి? ఎకరాలతో కొలిస్తే తప్పుతుంది. చిలమత్తూరు వైపు బీడు భూమికి కొదవలేదు. కొదవ బోరులోని నీటికి. ఒక బోరు రోజుకు పోసే నీళ్లను దేనికి ఇస్తే దేన్ని వదులుకుంటున్నామన్నదే ఇక్కడి ప్రతి ఇంటి లెక్క. ఒక కిలో వడ్లు పండడానికి వాన నీరూ పారించిన నీరూ కలిపి సగటున 2,500 లీటర్లు పడుతుందని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెబుతుంది. అదే బోరు కింద డ్రిప్పు వేసి మల్బరీ పెడితే ఒకసారి నాటిన మొక్క పదిహేనేళ్ల దాకా ఆకు ఇస్తుంది. పైగా హిందూపురం సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన ఉంది, బెంగళూరు పీఠభూమి వాతావరణమే ఇటూ సాగుతుంది, పెద్ద పురుగుకు కావాల్సిన చల్లదనం ఏడాదిలో ఎక్కువ నెలలు దొరుకుతుంది. అందుకే ఇక్కడి రైతు గూళ్లు అమ్మి బియ్యం కొనుక్కుంటాడు. తుంగభద్ర ఆయకట్టులో పండిన బియ్యం బస్తా మా ఊరి అంగట్లో దిగినప్పుడు దానితోపాటు కంటికి కనిపించని నీళ్ల ట్యాంకర్లు దిగినట్టే. ఎడారి దేశాలు గోధుమలు దిగుమతి చేసుకుంటూ నీటి యుద్ధాలు తప్పించుకుంటున్న తీరును ఇలాగే వివరించి, దాగిన నీరు అన్న భావనను ప్రచారంలోకి తెచ్చిన లండన్ పండితుడు టోనీ అలన్‌కు 2008లో స్టాక్‌హోమ్ జల పురస్కారం దక్కింది.

ఇంతవరకు అంతా బాగానే ఉంది. కానీ తోడికోడళ్ల లెక్కలో ఒక చోట నేను మీ చేత గబగబా దాటించేశాను. నాలుగు కిలోల విత్తనాలకు ఆరు కిలోల చింతపండు అని ఎవరు తేల్చారు?

నాలుగుకు నాలుగు ఇస్తానని పెద్దామె పట్టుబడితే చిన్నామెకు మిగిలేది మునుపటి 4 కిలోలే. ఊరికే వచ్చిన నాలుగు కిలోలూ పెద్దామెకు చేరతాయి. నాలుగుకు ఎనిమిది అడిగి చిన్నామె నెగ్గితే అంతా ఆమెదే. నాలుగుకూ ఎనిమిదికీ మధ్య ఏ బేరం కుదిరినా ఇద్దరిలో ఎవరికీ నష్టం లేదు, కాబట్టి ఎక్కడైనా కుదరొచ్చు. లాభం పుడుతుందని మాత్రమే సిద్ధాంతం హామీ ఇస్తుంది. దాన్ని ఎలా పంచుకోవాలో చెప్పదు. పంపకాన్ని తేల్చేది వేరే సంగతి: ఎవరు ఎన్నాళ్లు ఆగగలరు?

పట్టుగూళ్ల మార్కెట్టులో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. పండిన పురుగు ఒళ్లు లేత పసుపుగా, దీపం ముందు పట్టుకున్న వేలులా మారుతుంది. గూళ్లు కట్టుకునే చంద్రికల మీదికి ఎక్కించాక రెండు మూడు రోజుల్లో తన చుట్టూ కిలోమీటరు దాకా పొడవున్న దారం అల్లుకుని లోపల ప్యూపాగా మారుతుంది. రైతు అయిదారు రోజులకు గూళ్లు విడిపించి మార్కెట్టుకు తెస్తాడు. అక్కడ ట్రేలలో పోస్తారు. గూళ్ల నుంచి దారం తీసే రీలరు వచ్చి ఒక గుప్పెడు తీస్తాడు. బొటనవేలితో నొక్కి గట్టిదనం చూస్తాడు, చెవి దగ్గర ఆడించి లోపలి ప్యూపా చప్పుడు వింటాడు, ఒక్కోసారి ఒకదాన్ని కోసి చూస్తాడు. రైతు ఆ ముఖంలోకి చూస్తూ ఉంటాడు. రీలరుకు తొందర లేదు, రేపైనా కొనొచ్చు. రైతు దగ్గర ఉన్నది ప్రాణమున్న సరుకు. గూడు కట్టిన పది పన్నెండు రోజులకు లోపలి చిలక తొలుచుకుని బయటికి వస్తుంది. అది తొలిస్తే దారం ముక్కలవుతుంది, గూడుకు విలువ ఉండదు. ఇద్దరికీ లాభమైన బేరమే, కానీ ఇద్దరిలో ఒకరి గడియారమే పరుగెడుతోంది.

అందుకే గూళ్లను వేడిగాలితో ఆరబెట్టి ప్యూపాను చంపి నిల్వ చేసే యంత్రం నా దృష్టిలో మామూలు యంత్రం కాదు. అది రైతుకు ఆగే శక్తినిస్తుంది. చింతపండులోనూ అంతే. ఎండకు నల్లబడే సరుకును శీతల గిడ్డంగిలో పెట్టుకోగలిగినవాడు ధర వచ్చేదాకా కూర్చుంటాడు. కొట్టించిన కూలీ డబ్బులు ఈ సాయంత్రమే కావాల్సిన ఇల్లు కూర్చోలేదు. మార్కెట్టు సంస్కరణ అనే మాట వినిపించినప్పుడల్లా నేను ముందు అడిగేది ఒక్కటే: దీనివల్ల తక్కువ ఆగగలిగినవాడు ఇంకో వారం ఆగగలుగుతాడా?

సిద్ధాంతం కాగితం మీద సరే, నిజంగా నడుస్తుందా అని పరీక్షించినవాళ్లు ఉన్నారు. ఆ పరీక్ష కూడా పట్టు మీదే జరగడం నాకు ఎంతో నచ్చిన విషయం. జపాన్ రెండు వందల ఏళ్లకు పైగా బయటి వ్యాపారానికి తలుపులు దాదాపుగా మూసుకుని ఉండి, 1859లో రేవులు తెరిచింది. ముందు ధరలు ఎలా ఉన్నాయో తెలుసు, తరవాత ఏం ఎగుమతయిందో తెలుసు. డేనియల్ బెర్న్‌హోఫెన్, జాన్ బ్రౌన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ రెండింటినీ పోల్చి 2004లో ప్రకటించారు: జపాన్ తన దగ్గర చవగ్గా తయారయ్యే పట్టు, తేయాకు లాంటివి బయటికి పంపింది, ఖరీదుగా పడేవి తెచ్చుకుంది. రికార్డో చెప్పినట్టే జరిగింది. మరుసటి ఏడాది లాభాన్ని కూడా లెక్కగట్టారు. అది దేశ ఆదాయంలో 8, 9 శాతానికి మించదని తేలింది. తలుపులు తెరవడమే సకల సౌభాగ్యమని చెప్పేవాళ్లూ, తెరిస్తే సర్వనాశనమని చెప్పేవాళ్లూ ఈ అంకె దగ్గర ఒక్క క్షణం ఆగాలి. లాభం నిజం, దానికో హద్దు ఉండడమూ నిజం.

ఆ సగటు అంకె కింద మనుషులున్నారు. విదేశీ వ్యాపారులు ముడి పట్టుకు మంచి ధర ఇవ్వడంతో జపాన్ పురుగుల రైతు బాగుపడ్డాడు. అదే ధర కిర్యూలో, కియోటో నిషిజిన్‌లో పట్టు నేసేవాళ్ల మెడకు చుట్టుకుంది. దారం వాళ్లకు అందలేదు, మగ్గాలు ఆగాయి, ఎగుమతులు ఆపమని కిర్యూ నేతగాళ్లు అర్జీలు పెట్టుకున్నారు. దేశానికి లాభం వచ్చిన ఏడాదే వాళ్ల పొయ్యిలు చల్లబడ్డాయి.

నూటయాభై ఏళ్ల తరవాత ఇదే కథ మా జిల్లాలో తిరగబడి నడిచింది. 2011-12 కేంద్ర బడ్జెట్‌లో ముడి పట్టు దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. చైనా దారం చవకైంది. పట్టుచీరలు నేసే ధర్మవరం మగ్గానికి అది మంచి కబురే. పడుగుకు సమంగా, తెగకుండా ఉండే దారం కావాలి, ఆ దారం ధర తగ్గితే చీర మీద నాలుగు రూపాయలు మిగులుతాయి. హిందూపురం, మడకశిర వైపు పురుగులు మేపేవాళ్లకు అదే పిడుగు. గూళ్ల ధరలు పడిపోయాయి, కర్ణాటకలోనూ ఇక్కడా రైతులు రోడ్డెక్కారు. 2013-14 బడ్జెట్‌లో సుంకం మళ్లీ 15 శాతం చేశారు. ఆ పెంపుకు ధర్మవరంలో చప్పట్లు పడి ఉండవు.

ఒకే జిల్లా, ఒకే పట్టు. రైలెక్కితే పూటలో చేరే దూరం. ఒకరి మేలు రెండోవారికి కీడుగా తగిలింది. "దేశానికి మంచిదా కాదా" అన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు చెప్పబుద్ధి కాదు నాకు. మొత్తం మీద లాభమే అని లెక్క చూపించవచ్చు. కానీ ఆ లాభంలోంచి కొంత తీసి మడకశిర రైతు చేతిలో పెట్టినప్పుడే ఇద్దరికీ లాభం అనే మాట పూర్తి నిజమవుతుంది. పెట్టే ఏర్పాటు లేనప్పుడు రైతు రోడ్డెక్కడాన్ని ఆర్థికశాస్త్రం తెలియనితనం అనకూడదు. తన లెక్క ఆయనకు బాగా తెలుసు. రికార్డో కూడా తన లెక్కల మీద మొండికేసిన మనిషి కాదు. యంత్రాలు అందరికీ మేలే చేస్తాయని మొదట నమ్మినవాడు, 1821లో వచ్చిన మూడో కూర్పులో కొత్తగా ఒక అధ్యాయం చేర్చి, కూలివాడి భయం ఒట్టి అపోహ కాదని రాశాడు.

జపాన్ కథకు ఇంకో కొస ఉంది, అది నేరుగా మా షెడ్లకే వస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగంలో ప్రపంచానికి పట్టు అమ్మడంలో జపాన్‌దే అగ్రస్థానం. క్రమంగా అక్కడి మనిషి రోజుకు వేరే విలువ వచ్చింది. సాకిచి టొయోడా 1926లో మగ్గాల కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీలోనే మొదలైన కార్ల విభాగం 1937లో విడిపోయి టొయోటా మోటార్ అయింది. కార్లు చేయగల మనిషిని పురుగుల దగ్గర కూర్చోబెడితే వదులుకునేది కారు. పురుగులను మేపే నైపుణ్యం వాళ్లకు పోలేదు, ఖరీదైపోయింది. 1990ల్లో జపాన్ నిపుణులు మన దేశానికి వచ్చి కేంద్ర పట్టు మండలితో కలిసి పనిచేశారు. ఇవాళ ఈ షెడ్లలో మేపుతున్న తెల్లగూళ్ల బైవోల్టీన్ హైబ్రిడ్లు సీఎస్సార్ అనే రకాలు. అవి ఆ కాలపు పరిశోధన ఫలమే. తమ చేతికి ఖరీదైన విద్యను, అది చవగ్గా పడే చేతికి అందించి వెళ్లారు.

ఇప్పుడు ఆ కారు పెనుకొండకూ వచ్చింది. 2017లో ఒప్పందం, 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్ల తయారీ, మొదట్లో ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యం. హంద్రీ-నీవా నీళ్లు గొల్లపల్లి జలాశయానికి చేరాయి, అక్కడి నుంచి ఫ్యాక్టరీకి. ఒకప్పుడు విజయనగర రాజులు కొలువు తీరిన ఊరి పక్క నుంచి ఇవాళ కార్లు లారీల మీద వరుసగా పోతుంటే చూడడానికి బాగుంటుంది. కానీ ఆ గేటు తెరుచుకున్న రోజే ధర్మవరం మగ్గం గుంటలో కూర్చునే కుర్రాడి రోజుకు ధర మారింది. జరీ నిండుగా ఉన్న చీర దిగడానికి పది పదిహేను రోజులు పట్టవచ్చు. మునుపు ఆ రోజులకు వదులుకోవడానికి వేరే పెద్ద పని లేదు. ఇప్పుడు వాడు ప్రతి చీర మీదా ఒక నెలజీతంలో సగం దాకా వదులుకుంటున్నాడు. నేత కూలి అంగుళం కదలకపోయినా చీర ఖరీదు పెరిగింది, ఇంకెవరికీ కనిపించకుండా, వాడికొక్కడికే.

వాడు మగ్గం దిగితే తప్పు పట్టలేం. అయితే లెక్క మరిచిపోయే సంగతి ఒకటుంది. అంచు కలపడం, బుటా ఎత్తడం, జకార్డు అట్టలు చదవడం వాడు పదేళ్ల వయసు నుంచి చూసి నేర్చుకున్నాడు. తోడికోడళ్ల లెక్కలో పెద్దామె ఒక పని ఆపి రెండో పని మొదలుపెట్టడానికి క్షణం పట్టలేదు. మళ్లీ కావాలంటే మళ్లీ మారుతుంది. మగ్గం అలా కాదు. ఒక తరం దిగిపోతే, రేపు చీర ధర పెరిగి ఎక్కుదామన్నా నేర్పే చెయ్యి ఉండదు. గుంట పూడ్చి పైన గచ్చు చేసిన ఇల్లు మళ్లీ తవ్వుకోదు. అవకాశ వ్యయంలో ఈ తిరిగిరానితనాన్ని కూడా వేసుకోవాలని నా పట్టుదల. ఎలా వేయాలో అంకెల్లో చూపించడం కష్టం. కష్టమని సున్నా వేసేస్తే అది తప్పు లెక్క.

ఆ మోపు మోసిన రైతు షెడ్డుకు మళ్లీ వెళ్లాను. వారం కిందట ట్రేలలో తెల్లవారుజామున దించుకున్న పురుగులు ఇప్పుడు నాలుగో జ్వరంలో ఉన్నాయి. షెడ్డంతా నిశ్శబ్దం. వేలకువేల తలలు పైకెత్తి, ఒక్కటీ కదలకుండా. ఇవాళ మేత లేదు కాబట్టి ఆయనకు కాస్త తీరిక. పెద్దకొడుకు ఫ్యాక్టరీ షిఫ్టుకు బయల్దేరుతూ గుమ్మం బయటే సున్నం ఇవతల ఆగి, "నాయనా, నేనొస్తా" అని కేకేశాడు. వచ్చే పంటకు చాకీ పురుగులు ఎన్ని చెప్పాలో ఇంకా తేల్చుకోలేదన్నాడు ఈయన. తోటలో ఆకు చూడాలి, కొడుకు లేని పూట మోపులు మోసే మనిషిని చూడాలి. కాసేపు పురుగుల వంకే చూసి, నా వైపు తిరిగాడు.

"ఈ తూరి గూళ్లు ఎంత పలుకుతాయంటావు సామీ?"